సాక్షి గలీబు

ఓడ స్టువర్డు ఆ దుప్పటిని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తాడు.

"ఏంటిది?"

గాలక్క కళ్ళు చికిలించి చూసింది. తెల్లగా మెరిసిపోతున్న దుప్పటి నడిమధ్యన ఆవగింజంత నల్లచుక్క. పక్కనే ఇంకొకటి. అంచు దగ్గర మూడు చుక్కలు, అక్కచెల్లెళ్ళు ముచ్చట్లకు కూర్చున్నట్టు ఒకచోట చేరి ఉన్నాయి.

"మసి బాబూ," అంది.

"మసో గిసో నాకెందుకు? ఉతకమని ఇస్తే మచ్చలు వేసి తెస్తారా? ఈ పదకొండు మూటలూ వెనక్కి పట్టుకుపోండి. సాయంత్రానికి మళ్ళీ రావాలి."

"ఒక్కసారి తల పైకెత్తి చూడు నాయనా."

అతను ఎత్తలేదు. ఎత్తితే కనబడేదే. అతని టోపీకి సరిగ్గా పైన, అతని ఓడ పొగగొట్టం గుప్పుగుప్పుమని నల్లటి పొగ కక్కుతోంది. ఒడ్డుకు కట్టేసిన ఓడ కదలదు కదా, పొగెందుకూ అనుకుంటారు తెలియనివాళ్ళు. కదలకపోయినా దీపాలు వెలగాలి, వంట కావాలి, చల్లగదులు చల్లగా ఉండాలి, పంపులు తిరగాలి. వాటికోసం ఓడ కడుపులో జనరేటర్లు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. ఆ పొగ గాలివాటున జెట్టీ దాటి తిన్నగా లాండ్రీ పెరట్లోకి దిగుతుంది. ముప్ఫై రెండు తాళ్ళ మీద ఆరేసిన దుప్పట్లకు బొట్లు పెడుతుంది. ఎవరి దుప్పట్లు? ఆ ఓడవే.

"వాళ్ళ మసి వాళ్ళ గుడ్డల మీద పడితే తప్పు మనదటే అక్కా?" అంది పొట్టిది, మూటను బండిలోకి విసిరికొడుతూ. మనిషి జానెడే గానీ గొంతు మాత్రం జెట్టీ ఆ చివరికి వినబడుతుంది.

"తప్పు తాళ్ళదే. అవి లేకపోతే మనం ఎక్కడ ఆరేస్తాం," అంది గాలక్క. ఉతికే ఆడవాళ్ళంతా నవ్వారు. నవ్వుతూనే బండిని తోసుకుని వెనక్కి నడిచారు. పదకొండు మూటలు మళ్ళీ నీళ్ళలోకి.

గాలక్కకు ఆ పేరు ఊరికే రాలేదు. చెవి తమ్మెకు తగిలిన గాలిని బట్టి అది ఎటు నుంచి వస్తోందో, ఎంతసేపట్లో తిరుగుతుందో చెప్పేస్తుంది. పెరటి చివర, సముద్రం వైపు ఒక ఒంటి గెడ పాతి ఉంది. దాని మీద రోజూ ఒక తెల్ల దిండు గలీబు వేలాడుతుంది. దాని పేరు సాక్షి. లాండ్రీ గుర్తుగా ఎర్రదారంతో కుట్టిన వైపు వేలికి అడ్డం రాకుండా లోపలికి, అంటే లాండ్రీ వైపుకు తిప్పి, సాదాగా ఉన్న వైపు సముద్రానికి పెట్టి తగిలిస్తుంది. తొమ్మిదింటికి వెళ్ళి ఆ సాదా వైపున తడి బొటనవేలితో రుద్దుతుంది. వేలు శుభ్రంగా వస్తే కుడిచెయ్యి నిటారుగా పైకెత్తుతుంది. అప్పుడే తాళ్ళ మీద దుప్పట్లు పడతాయి. వేలికి నలుపంటితే చెయ్యి లేవదు, ఎంత తడిమూట అయినా నేల మీదే కూర్చోవాలి.

తొమ్మిదికి ముందు మాత్రం ఏ గుడ్డా తాడెక్కకూడదు. తెల్లవారుజామున గాలికి సత్తువ ఉండదు, ఓడ పొగ పైకి పోలేక పెరట్లోనే చతికిలబడుతుంది. ఇది గాలక్క పెట్టిన కట్టుబాటు. ఇరవై ఏళ్ళుగా ఎవరూ దాటలేదు.

ఆ సాయంత్రం వేళ్ళ చివర్లు నాని ముడతలు పడ్డ చేతులతో ఇంటికి వచ్చేసరికి, కోడలు వంటింట్లో నీళ్ళ గొట్టాన్ని కుళాయికి తగిలించి, తీసి, మళ్ళీ తగిలిస్తోంది. మోచేతుల దాకా నారింజరంగు రబ్బరు తొడుగులు.

"మూత, తుడుపు, తొడుగు, తాళం," అని గొణుక్కుంటోంది. "మూత తియ్యాలి. లోపల పొడిగుడ్డతో తుడవాలి. సాకెట్‌లోకి తొడగాలి. తాళం వెయ్యాలి."

"నా కుళాయి ఊడబెరికేటట్టున్నావే."

"అత్తా! ఖాయమైంది! ఎల్లుండి పొద్దున వచ్చే ఓడకు కరెంటు సాకెట్టుంది. మన జెట్టీలోనే తగిలిస్తున్నారు. కేబులు ముట్టుకునేది నేనే!"

ఎగిరి గంతేస్తున్న ఆ పిల్లను చూసి గాలక్కకు కాళ్ళ నొప్పులు ఎక్కడికి పోయాయో పోయాయి. నిన్న మొన్నటి దాకా తన పక్క తొట్టి దగ్గర నిలబడి దుప్పట్లు పిండిన పిల్ల. ఆరు నెలల పాటు పోర్టువాళ్ళ తరగతికి వెళ్ళి వచ్చింది.

"ఒడ్డు మీది కరెంటు ఓడలోకి పోతుంది. ఓడ తన ఇంజన్లన్నీ ఆపేస్తుంది. పొగే ఉండదు అత్తా!"

"ఉండదంటే? కొంచెమైనా?"

"వంటగదిలో ఈ గ్యాసుపొయ్యి ఆపితే కొంచెమైనా మంట ఉంటుందా?"

"మరి ఎప్పటికీ అంతేనా, ఒక్కరోజు ముచ్చటేనా?"

కోడలు తొడుగులు తీసి, ఒక్కో వేలూ సర్ది గూట్లో పెట్టింది. "మూడు పగళ్ళూ మూడు రాత్రులూ తెగకుండా నడవాలి. నడిస్తే మిగతా జెట్టీలకూ వేస్తారు, నా పని ఖాయమవుతుంది. నడవకపోతే కేబులు గోదాములోకి, నేను తొట్టి దగ్గరికి." తర్వాత నవ్వింది. "ముందు మన జెట్టీకే ఎందుకు ఇచ్చారో తెలుసా? మీటింగులో నీ పాత సాక్షి గలీబులు బల్ల మీద పరిచాను. ఇంజనీరు సారు ఒక్కొక్కటీ తిప్పి చూసి, ఈవిడ మాటకు తిరుగులేదు అన్నాడు."

ఆ రాత్రి పడుకునే ముందు గాలక్క చెవి తమ్మెను ఒకసారి తడుముకుంది.

*

ఓడ వచ్చిన రోజున లాండ్రీలో పని చేసినవాళ్ళెవరు! ఇస్త్రీ బల్లలు వదిలి, తొట్లు వదిలి, అందరూ కంచె దగ్గరే. రాత్రంతా లాండ్రీకి ఆవిరి చేసి డ్యూటీ దిగిన బాయిలర్ బాబాయ్ కూడా ఇంటికి పోకుండా చెవుల్లో దూదితోనే వచ్చి నిలబడ్డాడు.

కేబులు మనిషి తొడంత లావుంది. పెద్ద చక్రం నుంచి అది కిందికి జారుతుంటే నలుగురు భుజాలు పట్టారు. ముందు కోడలు. హెల్మెట్ కింద జడ మడిచి పెట్టుకుంది. ఓడ పక్కన ఒక చిన్న తలుపు తెరుచుకుంది. అక్కడి నుంచి భుజాన తువ్వాలుతో ఒక పెద్దాయన తొంగి చూశాడు. ఆయన ఓడ చీఫ్ ఇంజనీరు. కిందనున్న పిల్లను పైనుంచి కిందికి చూశాడు.

"బరువమ్మా అది. నీవల్ల అవుతుందా?"

"తడి దుప్పటి మూట కన్నా తేలికే సార్," అంది కోడలు.

కంచె దగ్గర పొట్టిది వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది.

మూత. తుడుపు. కోడలు పొడిగుడ్డను వేలికి చుట్టి సాకెట్ అంచంతా తిప్పి తీసి, ఆ గుడ్డను వెలుగులోకి పట్టుకుని చూసింది. గాలక్క గుండె పొంగిపోయింది. ఆ చూపు తనదే. గుడ్డను వెలుగుకు పట్టి చూడటం ఆ పిల్ల తన దగ్గరే నేర్చుకుంది.

తొడుగు. తాళం. కోడలు చెయ్యి ఊపింది. పోర్టు ఇంజనీరు ఫోనులో ఎవరితోనో ఏదో అన్నాడు. ఒడ్డునున్న కరెంటు పెట్టె మీద ఎర్రదీపం పోయి పచ్చదీపం వచ్చింది. ఓడలో ఒక జనరేటరు దగ్గి ఆగింది. ఇంకొకటి ఆగింది. మూడోది కాసేపు మొరాయించి, ఆఖరుగా ఒక్క నల్లటి ఉమ్ము ఉమ్మి, ఆగిపోయింది.

అప్పుడు జరిగినదానికి ఎవరూ సిద్ధంగా లేరు. చప్పుడు పోయింది.

ఆ హోరు అక్కడ ఉందనే వాళ్ళకు ఎన్నడూ తెలియదు. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఉన్న గోడలాంటిది అది. ఇప్పుడు గోడ కూలి అవతలి వీధి కనబడినట్టు, కెరటం రాయికి తగిలి చిట్లడం వినబడింది. ఎక్కడో సైకిలు గంట వినబడింది. లాండ్రీలో ఎవరో కట్టేయడం మరిచిపోయిన కుళాయి వినబడింది.

"అక్కా! ఆగిపోయిందే!" అని అరిచింది పొట్టిది. జెట్టీ మీదున్న వాళ్ళంతా తిరిగి చూశారు. ఇన్నేళ్ళుగా ఆ హోరును దాటించడానికి పెంచిన గొంతు అది, హఠాత్తుగా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు పాపం. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతే, నవ్వులు. చీఫ్ ఇంజనీరు కూడా నవ్వాడు.

మధ్యాహ్నానికి ఆ ఓడ దుప్పట్లు పద్నాలుగు మూటలు వచ్చాయి. పొగగొట్టం మీద ఒక తెల్లపిట్ట వచ్చి వాలింది. గాలక్క దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడింది. ఓడ గొట్టం మీద పిట్ట వాలడం ఆమె ఎరగదు.

"ఇంక తొమ్మిదింటి దాకా కూర్చోవడం ఎందుకే?" అంది వెనక్కి తిరిగి. "పొగే లేనప్పుడు పొద్దున్నే ఆరేద్దాం. ఎండ పడే వేళకు సగం ఆరిపోతాయి. తొమ్మిదికల్లా ఇస్త్రీకి. రేపు రెండు వాయిలు లాగేద్దాం!"

"కట్టుబాటు నువ్వే పెట్టావు, నువ్వే తీసేస్తున్నావా?"

"పెట్టినదాన్ని తీసే హక్కు నాకు లేదంటావా?"

"మహారాజులా తియ్యి," అంది పొట్టిది.

*

మరునాడు ఇంకా పూర్తిగా తెల్లవారకుండానే పెరడు పెళ్ళివారిల్లులా ఉంది. తడి దుప్పట్లను ఇద్దరిద్దరు పట్టి దులిపితే ఫట్‌ఫట్‌మని చప్పుళ్ళు. క్లిప్పులు నోట్లో పెట్టుకుని మాటలు, వాటి మధ్య నవ్వులు. ఎవరో కూనిరాగం అందుకుంటే పదిమంది అందుకున్నారు. ఒక్కో తాడూ నిండుతుంటే గాలక్క అంచులు సరిచేస్తూ, ముడతలు అరచేత్తో నిమురుతూ పరుగులాంటి నడక నడిచింది. నేల వైపు నుంచి నిద్రమొహం గాలి ఒకటి సన్నగా వస్తోంది. ఆ వేళప్పుడు పెరట్లో నిలబడి ఇరవై ఏళ్ళయింది. కొత్తగా కాపురానికి వచ్చిన ఇంటిలా ఉంది ఆమెకు ఆ పెరడు.

ఏడున్నరకు వెలుగు బాగా పరుచుకుంది. గాలక్క నడుమ్మీద చేతులు పెట్టుకుని నాలుగో తాడు దగ్గర నిలబడింది. ఆవగింజంత నల్లచుక్క. పక్కనే ఇంకొకటి.

బొటనవేలు తడిపి రుద్దింది. జిడ్డు నలుపు. పక్క దుప్పటి. దాని పక్కది. అన్నిటి మీదా జల్లు పడ్డట్టు చుక్కలు.

ఓడ వైపు చూసింది. గొట్టం అమాయకంగా ఉంది.

"రాత్రి నడిపారు!" అంది. "మనమందరం పడుకున్నాక ఇంజను వేసుకుని, తెల్లారేలోపు ఆపేశారు. దొంగలు!"

"సాక్షి చూశావా అక్కా?" అంది పొట్టిది.

"ఇంకా సాక్షెందుకే, దుప్పటే నోరు తెరిచి చెప్తుంటే!"

దుప్పటిని తాడు మీంచి లాగి భుజాన వేసుకుని కంచె గేటు దాటింది. వెనకాలే ఆడవాళ్ళంతా. జెట్టీ మీద పోర్టు ఇంజనీరు పెట్టె దగ్గర అంకెలు రాసుకుంటున్నాడు. కోడలు పక్కనే ఉంది. రాత్రంతా కాపలా కాసిన కళ్ళు, అయినా మెరుస్తున్నాయి.

"సార్, మీ పచ్చదీపం అబద్ధమాడుతోంది," అని గాలక్క దుప్పటిని అతని ముందు పరిచింది.

ఇంజనీరు వంగి చూశాడు. మోకాలి మీద కూర్చుని మళ్ళీ చూశాడు. "మీటరు ఇక్కడి నుంచి ఎంత కరెంటు వెళ్ళిందో చెప్తుంది," అన్నాడు మెల్లగా. "లోపల వాళ్ళు సొంతంగా ఇంకొకటి నడిపితే అది చెప్పదు."

"మీటరు చెప్పకపోతే మేము చెప్తాం!" అన్నారు వెనక నుంచి ఆడవాళ్ళు.

చీఫ్ ఇంజనీరు మెట్లు దిగి వచ్చాడు. దుప్పటి చూశాడు, ఆడవాళ్ళను చూశాడు. "నా ఇంజన్లు చల్లగా పడి ఉన్నాయి. రండి, చెయ్యి పెట్టి చూడండి," అన్నాడు.

"చల్లబడేదాకా ఆగి మమ్మల్ని పిలుస్తున్నావేమో," అంది గాలక్క.

ఆ మాట అనేశాక గానీ అదెంత పెద్దదో ఆమెకు తెలియలేదు. పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి, చేతులకేమీ లేకపోయినా తుడుచుకున్నాడు.

"ముప్ఫై ఏళ్ళుగా ఓడల్లో ఉన్నాను. దొంగ అని ఎవరూ అనలేదు," అన్నాడు ఇంజనీరు వైపు తిరిగి. "నమ్మకం లేని తీగ నాకొద్దు. రేపు పొద్దున ఎనిమిదింటికి ఊడదీసుకోండి. నా కరెంటు నేనే చేసుకుంటాను."

అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలెట్టారు. కోడలు మాత్రం గాలక్క దగ్గరికి వచ్చి, అత్త భుజం మీంచి జారుతున్న చీర కొంగును పైకి సర్దింది.

"నువ్వు చూశావా అత్తా?"

"చూశానే. ఇదుగో, వేలు."

కోడలు ఆ నల్లటి బొటనవేలును చూసింది. "అయితే అంతే," అంది. గొంతులో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. అదే గాలక్కకు ముల్లులా దిగింది.

*

ఆ రాత్రి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. లారీ మీద దూరం వెళ్ళిన కొడుకు ఫోను చేస్తే కోడలు "అంతా బాగుంది, రేపు చెప్తాను" అని పెట్టేసింది. నారింజరంగు తొడుగులు గూట్లో ఉన్నాయి, వేళ్ళు సర్ది.

"నామీద కోపంగా ఉందా?" అంది గాలక్క.

"దేనికి? ఓడ నడిపింది, నువ్వు చెప్పావు. దాచమంటానా?" కోడలు కంచం తీస్తూ ఆగింది. "రాత్రంతా అక్కడే ఉన్నాను అత్తా. ఓడలోంచి ఒక్క చప్పుడు వినలేదు. అదే నాకు అర్థం కావట్లేదు. నా చెవులు అంత మొద్దువా?"

గాలక్కకు నిద్ర పట్టలేదు. చీకటి పల్చబడగానే చెప్పులేసుకుని పెరట్లోకి వచ్చింది. తాళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయి. ఇవాళ ఎవరూ ముందుగా రారు, కట్టుబాటు మళ్ళీ అమల్లోకి వచ్చింది. ఒంటి గెడ దగ్గరికి నడిచింది. సాక్షి నిన్నటి నుంచీ అక్కడే వేలాడుతోంది. నిన్న తగిలించాక దాని మొహమైనా చూడలేదు.

బొటనవేలు తడిపి సాదా వైపు రుద్దింది. వేలు శుభ్రంగా ఉంది.

మళ్ళీ రుద్దింది. శుభ్రంగానే ఉంది. ఓడ పొగ వస్తే ముందు తగలాల్సింది ఇక్కడే, సముద్రం వైపే. గలీబును పట్టి మెల్లగా ఇటు తిప్పింది. ఎర్రదారం కుట్టు చుట్టూ, ఆవాలు చల్లినట్టు, నల్లచుక్కలు.

గాలక్క గలీబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చెవి తమ్మెకు గాలి తగులుతోంది. వెనక నుంచి. నేల నుంచి. నిన్న పొద్దున కూడా ఇటు నుంచే తగిలింది. ఆ పాటల గోలలో పట్టించుకోలేదు.

అప్పుడు వినబడింది. బుస్స్‌స్‌...

ఇరవై ఏళ్ళలో ఎన్నడూ వినని చప్పుడు. ఇన్నాళ్ళూ ఓడల హోరు కింద, నిన్న పాటల కింద నక్కి ఉన్న చప్పుడు. గాలక్క తిరిగి చూసింది. లాండ్రీ రేకుల కప్పు మీద, బాయిలర్ గది పొట్టి గొట్టం లోంచి, గుప్పెడు నల్లటి మసి లేచింది. నిద్రమొహం గాలి దాన్ని జాగ్రత్తగా ఎత్తుకుని, ఖాళీ తాళ్ళ మీదుగా, ఆమె తల మీదుగా సముద్రం వైపు తీసుకుపోయింది. మళ్ళీ బుస్స్‌స్‌. మళ్ళీ గుప్పెడు.

ఆమె బాయిలర్ గది తలుపు తోసింది. బాయిలర్ బాబాయ్ ఆవిరి గొట్టం మర తిప్పుతూ ఉన్నాడు. ఆమెను చూసి చెవిలో దూది తీశాడు.

"ఏం చేస్తున్నావు బాబాయ్?"

"మసి ఊదుతున్నాను. రాత్రంతా నల్లచమురు కాలిస్తే గొట్టాల్లో పేరుకుపోదూ? రోజూ ఆరింటికి ఊదుతాను."

"ఆరింటికే ఎందుకు?"

ఆయన వింతగా చూశాడు. "తొమ్మిది దాకా మీ గుడ్డలు తాడెక్కవు కదమ్మా. మీ గుడ్డల మీద పడకూడదనే ఈ వేళ పెట్టుకున్నాను."

గాలక్కకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తన కట్టుబాటును తనకంటే భద్రంగా కాపాడినవాడు ఈయన. దాన్ని తీసేసేటప్పుడు ఆయనకొక్క మాట చెప్పాలని తోచలేదు. ఈ గదికి కిటికీ లేదు. ఆయన పెరడు చూసే దారి లేదు.

"నిన్న ఆరేశాం బాబాయ్, పొద్దున్నే."

"నిన్నా? అయ్యో... మరి ఆ గొడవంతా..." ఆయన మర మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఏడింటికే ఇంటికి పోయి పడుకున్నానమ్మా. ఓడ దొంగదని సాయంత్రం అందరూ అంటుంటే నేనూ అన్నాను!"

గాలక్క గోడ గడియారం చూసింది. ఆరున్నర కాలేదు. ఎనిమిది దాకా టైముంది అనుకుంటూ గేటు దాకా వచ్చేసరికి జెట్టీ మీద నలుగురు కనబడ్డారు. పెట్టె తలుపు తీసి ఉంది. పెద్దాయన ఎనిమిదింటి దాకా ఆగలేదు. ఓడ పక్క చిన్న తలుపులో, భుజాన తువ్వాలుతో నిలబడి ఉన్నాడు. కోడలు మోకాళ్ళ మీద కూర్చుని సాకెట్ దగ్గర వంగి ఉంది. తగిలించినదానికి తిరగవరస: ముందు తాళం.

గాలక్క పరుగెత్తింది. చెప్పు ఒకటి గేటు దగ్గరే ఊడింది. అరవబోయింది, ఊపిరాడక గొంతు పెగల్లేదు. అంత దూరం నుంచి ఏం చెయ్యాలో తోచక, ఇరవై ఏళ్ళుగా అలవాటైన పనే చేసింది. కుడిచెయ్యి నిటారుగా పైకెత్తింది. అందులో గలీబు.

కోడలు తలెత్తి చూసింది. ఎనిమిదేళ్ళు ఆ చెయ్యి లేచేదాకా తడిమూట పక్కన ఎదురుచూసిన పిల్ల. ఆ చెయ్యి లేచిందంటే అర్థం ఒక్కటే: మసి లేదు. తాళం మీంచి చేతులు తీసేసి లేచి నిలబడింది.

"ఆగండి సార్," అంది.

గాలక్క వచ్చి పడింది. ముందు ఇంజనీరు దగ్గరికి పోలేదు. ఓడ తలుపు కిందకు వెళ్ళి తల పైకెత్తింది.

"బాబూ! మసి నీది కాదు! మాది!"

పెద్దాయన తలుపులోంచి వంగి చూశాడు.

"ఇదుగో చూడు. ఇది నీ వైపు, తెల్లగా ఉంది. ఇది మా వైపు. మా బాయిలర్ గొట్టం. నేనే ఆగలేక వేళ తప్పి ఆరేశాను, సాక్షిని అడక్కుండా నీమీద నోరు పారేసుకున్నాను. నిన్న ఎంతమందిలో అన్నానో అంతమందినీ పిలువు, అందరి ముందూ మళ్ళీ చెప్తాను."

కోడలు గలీబును తీసుకుని వెలుగుకు పట్టింది. ఒకవైపు, రెండోవైపు. తర్వాత ఇంజనీరుకు ఇచ్చింది. ఆయన తిప్పి తిప్పి చూస్తుంటే పెద్దాయన మెట్లు దిగి వచ్చి తనూ చూశాడు. వేలు తడిపి రుద్దాడు కూడా.

"మా చమురులానే ఉందే జిడ్డు," అన్నాడు.

"అదే చమురు బాబూ. నీ ఓడ మానేసింది, మేము మానలేదు."

పెద్దాయన తువ్వాలు మొహం మీద వేసుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడని కాసేపటికి గానీ తెలియలేదు.

"ఎన్నో రేవులు తిరిగాను. మసి ఎవరిదంటే ప్రతివాళ్ళూ పక్క ఓడను చూపిస్తారు," అన్నాడు. "సరే. కేబులు ఉంచండి. కానీ పెద్దమ్మా, నా దుప్పట్లు?"

"మళ్ళీ ఉతుకుతాం."

"తొమ్మిది తర్వాత ఆరేయండి."

"అది నాకు చెప్తున్నావా?" అంది గాలక్క, అప్పుడు గానీ ఆమెకు ఊపిరి అందలేదు.

కోడలు మోకాళ్ళ మీద కూర్చుని తాళాన్ని ఒకసారి లాగి చూసింది. గట్టిగానే ఉంది. పచ్చదీపం వెలుగుతోంది.

మూడో రాత్రి గడిచింది. నాలుగోనాడు పొద్దున ఇంజనీరు పెద్దాయన చేత కాగితాల మీద సంతకం పెట్టించుకుని, పని ఖాయమైనట్టు కోడలికి కొత్త కార్డు ఇచ్చి వెళ్ళిపోతూ కంచె దగ్గర ఆగాడు. "మీ లాండ్రీకి ఎంత ఆవిరి కావాలో రాసి ఇమ్మనండి మీ యజమానిని. చమురు మాని మీ బాయిలర్‌నూ ఈ కరెంటు మీద నడపొచ్చేమో అడిగి చూస్తాను. అవుతుందని మాటివ్వను," అన్నాడు. మాటివ్వనన్న మాటకే పొట్టిది ఈల వేసింది.

యజమాని రాసేదాకా ఎవరు ఆగుతారు? తొమ్మిదింటికి సాక్షి రెండు వైపులా చూసి గాలక్క చెయ్యెత్తింది. ముప్ఫై రెండు తాళ్ళూ ఒక్కసారి తెల్లబడ్డాయి. ఆ తెలుపు మధ్యలోంచి కోడలు కొలత టేపు పట్టుకుని వచ్చింది, జెట్టీ మీది పెట్టె దగ్గర దాని ఒక కొస కట్టేసి. దుప్పట్లను మోచేత్తో పక్కకు నెట్టుకుంటూ, టేపు వదులుతూ, బాయిలర్ గది గోడ దాకా.

"ఎంతే?" అంది గాలక్క.

"నూట నలభై మూడు మీటర్లు అత్తా. అంతే!"

బాయిలర్ బాబాయ్ తలుపులో నిలబడి ఆ టేపును వేలితో మీటాడు. అది పెరడు పొడుగునా వణికింది.

"ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నాను," అన్నాడు. "ఎవరూ ఇటు కొలవలేదు."

"నేను అటే చూస్తూ కూర్చున్నాను బాబాయ్," అంది గాలక్క, సముద్రం వైపు చెయ్యి చూపించి.

తర్వాత ఇంకో తెల్ల గలీబు తీసుకుంది. బాయిలర్ గది ముందు కొత్త గెడ పాతడానికి నేల మెత్తగా ఎక్కడుందో కాలి బొటనవేలితో వెతకడం మొదలెట్టింది.